పళ్ళెం అంచు మీద

బెనిఫిట్ షో అనగానే మీకేం గుర్తొస్తుందో గానీ, నాకు మాత్రం తెల్లవారుజామున నాలుగింటికి థియేటర్ ముందు డప్పులూ, కటౌట్‌కి పాలాభిషేకాలూ, బ్లాకులో టికెట్ కొని నిద్ర లేక కళ్ళెర్రబడ్డ మా తమ్ముడి కొడుకూ గుర్తొస్తారు. ఇందులో బెనిఫిట్ ఎవరికో మాత్రం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

నిజానికి ఆ మాట వెనకాల మన దగ్గర మంచి చరిత్రే ఉంది. 1952లో రాయలసీమకి కరువొస్తే ఎన్టీ రామారావు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. 1977 నవంబరులో దివిసీమని ఉప్పెన ముంచేసినప్పుడు కూడా సినిమావాళ్ళు జనం మధ్యకొచ్చి జోలె పట్టారు. మా చిన్నప్పుడు ఊళ్ళో గోడల మీద ‘హైస్కూలు భవన నిర్మాణ సహాయార్థం’ అని ఎర్ర అక్షరాల నాటకం పోస్టర్లుండేవి. హార్మోనియం ఆయన దారిఖర్చులూ, లైట్ల అద్దే పోగా మిగిలిందంతా స్కూలుకే. పద్యానికి వన్స్‌మోర్ కొట్టినవాడు కూడా ఆ బడికి ఓ ఇటుక పేర్చినట్టే లెక్క.

ఇంత తెలిసినవాణ్ణి కదా, పక్కింటావిడ రెండు టికెట్లు పట్టుకొచ్చి “అన్నయ్యగారూ, బెనిఫిట్ ప్రోగ్రామండీ. కూచిపూడి. టికెట్ మూడొందలే” అన్నప్పుడు వెంటనే జేబులో చెయ్యి పెట్టాల్సింది. పెట్టలేదు. ఆదివారం సాయంత్రమా, క్రికెట్ ఉందేమో, నాకు తాళాలూ ముద్రలూ ఏం తెలుస్తాయి... అంటూ నసిగాను. మా ఆవిడ లోపల్నించి వచ్చి, నా వైపు చూడకుండానే ఆరొందలు ఇచ్చేసింది.

“ఎవరి సహాయార్థం?” అన్నాను, ఓడిపోయినవాడు ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

“క్యాన్సర్ పేషెంట్లకండీ. డాన్సు చేసేది మా అమ్మాయి టీచరుగారే. ఆవిడకీ వచ్చింది, తగ్గింది. ఇది తగ్గాక ఆవిడ చేస్తున్న మొదటి ప్రోగ్రాం.”

*

మన కార్యక్రమాల సంగతి మీకు తెలుసు. ఆరింటికన్నది ఏడింటికి మొదలైంది. శాలువాలు కప్పేవాళ్ళూ కప్పించుకునేవాళ్ళూ అయిపోయాక నిర్వాహకుల్లో ఒక పెద్దాయన మైకు తీసుకుని, ఉపన్యాసం చెప్పకుండా లెక్క చెప్పారు. నేను నిటారుగా కూర్చున్నది అప్పుడే.

ఆయన చెప్పింది ఇదీ. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఏ పేరుతో నడుస్తున్నా, ఆపరేషన్‌కీ కీమోకీ రేడియేషన్‌కీ పేదవాళ్ళకి సర్కారు సాయం దొరుకుతోంది. మరి చందాలెందుకు? రేడియేషన్ అంటే ఒక్క రోజు పని కాదు. వారానికి ఐదు రోజుల చొప్పున మూడు వారాలో, ఐదారు వారాలో సాగుతుంది. మనిషి టేబుల్ మీద ఉండేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల కోసం ఎక్కడో పల్లెటూరి నుంచి వచ్చిన మనిషి పట్నంలో అన్నాళ్ళూ ఉండాలి. తోడుగా వచ్చినవాళ్ళు కూలి పోగొట్టుకోవాలి. బస్సు ఛార్జీలు, గది అద్దె, ఇద్దరికీ రెండుపూటలా భోజనం ఏ కార్డులోనూ పూర్తిగా రావు. సగంలో వైద్యం మానేసి వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది రోగానికి భయపడి వెళ్ళరు, భోజనం ఖర్చుకి జడిసి వెళ్తారు.

“మీరు కొన్న ఒక్కో టికెట్టూ ఒక మనిషికి నాలుగైదు పూటల అన్నం. నమస్కారం” అని కూర్చున్నారాయన.

తర్వాత పిల్లలు ఆడారు. ఒకరి జడగంటలు ఊడిపోయాయి, ఇంకొకరు అమ్మ ఎక్కడుందా అని జనంలోకి చూసుకుంటూ ఆడారు. అన్నీ బాగానే ఉన్నాయి. చివర్లో టీచరుగారు వచ్చారు.

యాభై దాటిన మనిషి. సవరం పెట్టుకోలేదు, మెడ దాకా పెరిగిన జుట్టు చుట్టూ పూలు పెట్టుకున్నారు. చేతులు రెండూ భుజాల ఎత్తున చాపి నిలబడగానే, ఏమీ తెలియని నాకు కూడా ఒకటి కనిపించింది. ఎడమ చెయ్యి కుడిచేతికన్నా రెండంగుళాలు కిందే ఆగింది. ఆవిడ దాన్ని దాచే ప్రయత్నం చెయ్యలేదు. అదే ఎత్తులో, అదే నిబ్బరంతో, చివరిదాకా అలాగే ఉంచారు.

ఆఖరి అంశం తరంగం. కూచిపూడి చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇత్తడి పళ్ళెం అంచుల మీద రెండు పాదాలూ ఆనించి, వేళ్ళతో అంచుని పట్టుకుని, తాళానికి తగ్గట్టు పళ్ళేన్ని ముందుకీ వెనక్కీ నడుపుతూ ఆడాలి. తలమీద నీళ్ళ చెంబు పెట్టుకుని ఆడటం కూడా ఉంది. టీచరుగారు పళ్ళెం ఎక్కారు. కానీ చెంబు పెట్టుకోలేదు. దాన్ని పక్కనే నిలబడ్డ పదేళ్ళ శిష్యురాలి తలమీద పెట్టారు. ఆ పిల్ల నేలమీదా, టీచరు పళ్ళెం మీదా ఆడారు. మధ్యలో ఒకసారి పళ్ళెం జారింది. ఆవిడ ఆగి, కిందికి చూసుకుని, పాదం సర్దుకుని మళ్ళీ అందుకున్నారు. మృదంగం ఆయన ఆ రెండు ఆవృతాలూ ఓపిగ్గా వాయిస్తూ కాసుకున్నాడు.

హాలంతా లేచి నిలబడింది. నేనూ నిలబడ్డాను. మా ఆవిడ మాత్రం కూర్చునే ఉంది. కళ్ళు తుడుచుకుంటోందనుకున్నాను.

*

నేను పత్రికలో రాస్తుంటానని పక్కింటావిడ అప్పటికే ప్రకటించేసింది కాబట్టి, గ్రీన్‌రూమ్‌లోకి వెళ్ళక తప్పలేదు. టీచరుగారు గజ్జెలు విప్పుకుంటున్నారు.

“చెంబు ఎందుకు పెట్టుకోలేదండీ?” అని తెలివితక్కువగా అడిగాను.

ఆవిడ నవ్వారు. “కీమో తర్వాత నా అరికాళ్ళకి స్పర్శ సగమే తిరిగొచ్చిందండీ. ఎప్పుడూ తిమ్మిరెక్కినట్టే ఉంటాయి. పళ్ళెం అంచు కాలికింద ఉందో లేదో చూసుకుంటే గానీ తెలీదు. తలమీద చెంబుంటే కిందికి చూడలేను కదా. అందుకని చెంబు పిల్లకిచ్చేశాను.”

కొన్ని కీమో మందులు చేతుల్లో, పాదాల్లో నరాలని ఇలా దెబ్బతీస్తాయని తర్వాత చదివాను. రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళకి ఆ వైపు చెయ్యి పైకెత్తడం ఎంత కష్టమో కూడా అప్పుడే తెలిసింది. గోడ దగ్గర నిలబడి వేళ్ళని చీమలు పాకినట్టు పైపైకి పాకించమని వాళ్ళకి వ్యాయామం నేర్పుతారు. టీచరుగారి ఇంటి గోడ మీద ఇప్పటికీ పెన్సిలు గీతలున్నాయట. నెలనెలా చెయ్యి ఎందాకా వెళ్ళిందో గుర్తు.

“నాట్యమే మిమ్మల్ని బతికించిందని రాసుకోవచ్చా?”

“వద్దండీ” అన్నారు గట్టిగా. “బతికించింది డాక్టరుగారు. మందులు. నేను వేంకటేశ్వరుడికి రోజూ దణ్ణం పెట్టుకున్నాను, నిజమే. కానీ ఒక్క ఇంజక్షన్ కూడా మానలేదు. దేవుడు నాకు మందుకి బదులు రాలేదండీ, మందుకి తోడొచ్చాడు. ఇక డాన్సంటారా... వైద్యం అంతా అయ్యాక ఈ ఒళ్ళు నాది కాదనిపించేది. ఆస్పత్రివాళ్ళది, స్కానింగ్ మిషన్లది. అందరూ చూసి, కొలిచి, గుచ్చి వదిలేసినదది. మళ్ళీ అడుగు వేశాక కాస్త కాస్తగా నాదైంది.”

వస్తూ వస్తుంటే వెనక్కి పిలిచారు. “నా పేరు మాత్రం రాయకండి. నాకేం సిగ్గు లేదు. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. వచ్చేవాళ్ళకి ఉంటుంది.”

*

ఆ చివరి మాట ఇల్లు చేరేదాకా నా వెంటే వచ్చింది. దానికి కారణం మా పిన్ని.

ముప్ఫై ఐదేళ్ళ కిందటి మాట. స్నానం చేస్తున్నప్పుడు గడ్డ చేతికి తగిలింది. ఎవరికీ చెప్పలేదు. బాబాయికీ చెప్పలేదు. ఏడు శనివారాలు ఒక్కపొద్దులుంది. అలిపిరి నుంచి కొండ మెట్లెక్కింది. ఏడాది పైన గడిచాక జాకెట్టు మీద మరక చూసి మా అమ్మ పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన రిపోర్టులు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అంతే.

చాలా ఏళ్ళు నేను ఆ మొక్కుల మీద కోపంగా ఉన్నాను. గుళ్ళూ వ్రతాలే ఆవిణ్ణి చంపాయని ఇంట్లో అనేవాణ్ణి, మా అమ్మ ఏడ్చేది. టీచరుగారి మాట విన్నాక నా కోపం చిరునామా తప్పిందని అర్థమైంది. పిన్నిని ఆపింది దేవుడు కాదు, సిగ్గు. ‘అక్కడ’ గడ్డ ఉందని మగ డాక్టరుకి ఎలా చూపించడం, నలుగురికీ తెలిస్తే ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్లల గతేమిటి అన్న భయం. మొక్కు ఆ సిగ్గు దాక్కోవడానికి దొరికిన చోటు. అదే మొక్కు, అదే వేంకటేశ్వరుడు టీచరుగారికి ఆస్పత్రి మెట్లెక్కే ధైర్యమిచ్చాడు.

అందుకే, వచ్చిన రోగాన్ని పదిమంది ముందు పేరుపెట్టి చెప్పినవాళ్ళంటే నాకు గౌరవం. హైదరాబాదులో ఉండే నర్తకి ఆనంద శంకర్ జయంత్ మీలో చాలామందికి తెలుసు. భరతనాట్యం, కూచిపూడి రెండూ చేసే కళాకారిణి, రైల్వేలో పెద్ద అధికారిణిగా పనిచేశారు. 2007లో పద్మశ్రీ వచ్చింది. మరుసటి ఏడాదే రొమ్ము క్యాన్సరని తేలింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ చేయించుకుంటూనే నాట్యం వదల్లేదు. 2009 నవంబరులో మైసూరులో జరిగిన టెడ్ సభలో ఆ అనుభవాన్ని చెప్పి, సింహం మీద స్వారీ చేసే దుర్గని తన నాట్యంలో నిలబెట్టి చూపించారు. దుర్గని తలుచుకున్నారు, మందులూ వేయించుకున్నారు. రెంటికీ తగువు పెట్టలేదు.

అంతకుముందు తరానికి సుధాచంద్రన్ ఉన్నారు. 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదంలో దెబ్బ తగిలి, ఆ గాయం ముదిరి కుడికాలు తీసేయాల్సి వచ్చింది. జైపూర్ కాలు పెట్టుకుని 1984లో మళ్ళీ వేదికెక్కారు. ఆ మరుసటి ఏడాది సింగీతం శ్రీనివాసరావు ఆవిడ కథని ఆవిడతోనే ‘మయూరి’గా తీస్తే తెలుగునాట కంటతడి పెట్టని ఇల్లు లేదు. మనం చప్పట్లు కొట్టాం గానీ ఆ కాలు సంగతి పట్టించుకోలేదు. అది చేసింది డాక్టర్ పి.కె. సేఠీ, పెద్దగా చదువుకోని శిల్పి రామచంద్ర శర్మ. రబ్బరుతో చేసిన ఆ పాదంతో చెప్పుల్లేకుండా నడవచ్చు, బాసింపట్టు వేసుక్కూర్చోవచ్చు, పొలం గట్టు మీద తిరగొచ్చు. అలాంటి కాళ్ళని 1975 నుంచి జైపూరులోని ఒక సేవాసంస్థ ఉచితంగా అమరుస్తోంది. ఎక్కడి డబ్బది? దాతలది. అంటే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు కొన్న టికెట్టుది!

*

నమ్మకానికీ నాట్యానికీ జబ్బుకీ సంబంధం మనకి కొత్తేం కాదు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడి కథ వినే ఉంటారు. 1813లో జంటనగరాల్లో మహమ్మారి చెలరేగితే, ఉజ్జయినిలో ఉన్న మనవాళ్ళు జబ్బు తగ్గితే మా ఊళ్ళో నీకు గుడి కడతామని అమ్మవారికి మొక్కుకున్నారనీ, తిరిగొచ్చి 1815లో ప్రతిష్ఠ చేశారనీ చెబుతారు. ఇప్పటికీ ఆషాఢంలో ఆడవాళ్ళు వేపమండలు కట్టిన బోనం తలకెత్తుకుని, డప్పుకి అడుగు కలుపుతూ వెళ్తారు. మన ఊళ్ళలో మశూచి సోకితే ‘అమ్మవారు పోసింది’ అనేవారు. ఆ మశూచిని తరిమింది టీకా. ప్రపంచంలోనే అది లేకుండా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అయినా జాతరలు ఆగలేదు, బోనాలు ఆగలేదు. రోగం పోగొట్టడమే వాటి పనైతే ఎప్పుడో ఆగిపోవాలి. భయపడ్డ మనుషులు మళ్ళీ వీధిలోకి రావడానికి, పక్కవాడి చెయ్యి పట్టుకోవడానికి టీకా ఒక్కటీ చాలదు కాబట్టే అవి ఆగలేదు.

మన భాషలోనే ఈ తేడా ఉంది చూడండి. జబ్బు ‘నయం’ అవుతుంది. మనిషి ‘కోలుకుంటాడు’. మొదటిది డాక్టరు చేసే పని. రెండోది ఎవరికి వాళ్ళు, నలుగురి సాయంతో చేసుకోవాల్సిన పని.

ఒంటిని కదిలించడం వల్ల వచ్చే మేలు గురించి శాస్త్రమూ అంతో ఇంతో చెబుతోంది. 2003లో అమెరికాలో 75 ఏళ్ళు దాటిన 469 మందిని గమనించి రాసిన వ్యాసంలో, శారీరకమైన కాలక్షేపాల్లో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది డాన్సు చేసేవాళ్ళలోనే అని తేల్చారు. డాన్సు చేస్తే జబ్బు రాలేదా, జబ్బు లేనివాళ్ళే డాన్సు చేస్తున్నారా అన్నది అంత తేలిగ్గా విడదీయలేం, అది వేరే సంగతి. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో మార్క్ మారిస్ నృత్య బృందం 2001 నుంచి పార్కిన్సన్స్ వచ్చినవాళ్ళకి డాన్సు తరగతులు నడుపుతోంది. 2025లో వచ్చిన ఒక పరిశోధనైతే మరీ గట్టిది. పెద్దపేగు క్యాన్సరుకి ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి మూడేళ్ళపాటు పద్ధతిగా వ్యాయామం చేయించారు. ఆ జట్టులో జబ్బు తిరగబెట్టడం తగ్గింది, ఎక్కువమంది బతికారు. అయితే ఒక్క మాట అండర్‌లైన్ చేసుకోండి. ఆపరేషన్, కీమో ‘పూర్తయిన తర్వాత’. వాటికి బదులుగా కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఇలాంటి కథలు విన్నాక మనలో కొందరు మంచంలో ఉన్నవాళ్ళ దగ్గరికెళ్ళి, “ఫలానా ఆవిడ డాన్సు చేసేసిందట, నువ్వు లేచి నాలుగడుగులు వెయ్యలేవా? మనసులో నమ్మకం ఉండాలి” అని ధైర్యం చెప్పామనుకుంటారు. అది ధైర్యం కాదు, నింద. నమ్మకం ఉన్నవాళ్ళూ పోతారు, నాట్యం చేసినవాళ్ళూ పోతారు. మా పిన్నికి నమ్మకం తక్కువేం కాదు. ఓపిక లేనివాళ్ళు పడుకుంటారు, వాళ్ళని పడుకోనివ్వండి. వాళ్ళకి చిట్కాలకంటే ముందు బస్సు ఛార్జీలు అవసరం, చారన్నం అవసరం. టీచరుగారు చెంబు పక్కన పెట్టేశారన్నది ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క. మోయలేనిది మోయనని వేదిక మీద, అందరి ముందూ ఒప్పుకోవడానికి ఎంత నిబ్బరం కావాలి!

*

ఆ రాత్రి ఇంటికొచ్చాక కూడా మా ఆవిడ సరిగ్గా భోంచెయ్యలేదు. గిన్నెలు సర్దుతూ, గోడవైపు తిరిగి, “రేపు సెలవు పెడతారా?” అంది.

“ఎందుకు?”

“డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నెల రోజుల నుంచీ చంక దగ్గర ఏదో గడ్డలా తగులుతోంది.”

ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాం. గ్యాస్ సిలిండర్ బుక్ చెయ్యడం మర్చిపోతే ఫోన్ చేసి చెప్పే మనిషి, నెల రోజులు ఇది చెప్పలేదు. పిన్ని కథ ఈవిడకి వందసార్లు చెప్పినవాణ్ణి నేను. కథ చెప్పానే గానీ, నాకు చెప్పొచ్చన్న చనువు ఇవ్వలేదన్నమాట. హాల్లో ఆవిడ కళ్ళు తుడుచుకోలేదనీ, చంక దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చుందనీ అప్పటికి అర్థమైంది.

మర్నాడు వెళ్ళాం. పరీక్షలు చేశారు. సూదితో తీసి పంపారు. రిపోర్టు వచ్చేదాకా నేనూ దణ్ణాలు పెట్టాను, ఎన్ని గుళ్ళకి మొక్కానో అడక్కండి. అది వట్టి కొవ్వు గడ్డే అన్నారు. ఇలాంటి గడ్డల్లో ఎక్కువ శాతం ప్రమాదం లేనివేననీ, అయినా ఏది ఎలాంటిదో చూపించుకుంటేనే తెలుస్తుందనీ ఆ డాక్టరమ్మ చెప్పింది. “ఇంతకాలం ఎందుకాగారమ్మా?” అని ఆవిడ అడిగితే మా ఆవిడ తల వంచుకుంది. నేనూ వంచుకున్నాను.

బెనిఫిట్ షోలో బెనిఫిట్ ఎవరికో అర్థం కాలేదని మొదట్లో అన్నాను కదా. ఇప్పుడర్థమైంది. వచ్చే ఏడాది కార్యక్రమానికి ఇరవై టికెట్లు అమ్మిపెడతానని మాటిచ్చాను. ఈసారి మూడొందల దగ్గర నేను నసిగిన సంగతి పక్కింటావిడకి చెప్పొద్దని మా ఆవిణ్ణి బతిమాలాను. అప్పటికే చెప్పేసిందట.